రెండు రాత్రుల మంచు

సబీనా వార్కా జీపు ఉస్కామార్కా పాలసంఘం గుమ్మం ముందు ఆగేసరికి తొమ్మిదీ ముప్పై అయిదు. చివాయ్ ఠాణాలో ఆమెకి రేడియో కబురు అందింది ఆరూ నలభైకి. రెండున్నర గంటల దారి, మధ్యలో గొర్రెల మంద ఒకటి అడ్డం పడి పది నిమిషాలు మింగేసింది. దారి పొడుగునా ఆమె ఆలోచించింది ఒక్కటే. కొండ మీద అయిదు వందల ఏళ్ళు ఎవరి జోలికీ పోకుండా కూర్చున్న పిల్ల, కిందికి దించిన ఆరు రోజులకే ఎలా మాయమైంది?

విషయం ఇంతే. జూలై ఇరవై ఎనిమిది, శుక్రవారం, దేశమంతా జెండాలు ఎగరేసి పండుగ చేసుకుంటున్న రోజున, డాక్టర్ లారౌరి అనే పురావస్తు పరిశోధకుడు అంకాయా శిఖరం మంచులోంచి తవ్వి తీసిన పిల్లని ఊళ్ళోకి దించాడు. ఇంకాల ఏలుబడిలో, కొండకి దేవుడైన కొండదొరకి అర్పించిన పిల్ల. పద్నాలుగేళ్ళుంటాయి. మోకాళ్ళు గడ్డం దగ్గరికి ముడుచుకుని, శాలువా కప్పుకుని, ఇప్పుడే కునుకు పట్టినట్టు ఉంటుంది. ఒళ్ళు రాయిలా గడ్డకట్టి ఉంది. బరువు ముప్పై రెండు కిలోలు. అరెకిపా పట్నం నుంచి శీతల లారీ వచ్చేదాకా ఆమెని పాలసంఘం వాళ్ళ ఫ్రీజర్‌లో ఉంచారు. లారీ ఈ గురువారం తెల్లవారి అయిదున్నరకి వచ్చింది. మూత ఎత్తితే పెట్టె ఖాళీ.

గుమ్మంలో ఎదురైన మనిషి కెప్టెన్ ఉగార్తే. లారీకి కాపలాగా అరెకిపా నుంచి వచ్చాడు. రాత్రంతా ప్రయాణం చేసినా చొక్కా నలగలేదు. అలాంటి చొక్కాలంటే సబీనాకి మొదటినుంచీ పడదు.

"నేనడిగింది దుబాసీని," అన్నాడు. "చివాయ్ వాళ్ళు ఇన్‌స్పెక్టర్‌ని పంపారేమిటి?"

"మనిషినొక్కదాన్నే కదా పంపారు కెప్టెన్. రెండు పనులకీ వాడుకోండి."

"ఒక్కటి చాలు. దొంగ దొరికాడు. ముసలాడు మీ కెచువాలో తప్ప నోరు విప్పడం లేదు. వాడు చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పి, కింద సంతకం పెట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళిపోవచ్చు మీరు."

ఎవరు ఆ ముసలాడని ఆమె అడిగింది. మెలితోన్ కాయో, పరిశోధకులకి కొండదారి చూపించిన పెద్దాయన, డెబ్భై నాలుగేళ్ళు అని అతను చెప్పాడు. సబీనా చేతి తొడుగు విప్పుతున్నదల్లా ఒక క్షణం ఆగి, మళ్ళీ విప్పడం మొదలుపెట్టింది. ఆ పేరు గల మనిషి ఉస్కామార్కాలో ఒక్కడే. మూడేళ్ళ వయసులో తనకి పుట్టువెంట్రుకలు తీసింది ఆయనే. ఆ ఊళ్ళో మొదటి కత్తెర వేసినవాడే బిడ్డకి జ్ఞానతండ్రి. సొంత తండ్రి గనిలో పోయాక తనకి తండ్రి అనే మాట గుర్తొస్తే మెలితోన్ మొహమే గుర్తొచ్చేది. ఈ సంగతి కెప్టెన్‌కి చెప్పాలా అని ఆమె ఆలోచించింది. చెప్తే ఆ నిమిషమే తనని బయటికి పంపిస్తాడు. చెప్పలేదు.

ఉగార్తే తన కేసు గడగడా అప్పజెప్పాడు. ఫ్రీజర్‌కి తాళం ఉంది. తాళంచెవి పాలసంఘం చూసుకునే ఒబ్దూలియా ఇంట్లో మేకుకి వేలాడుతుంది, అది ఊరందరికీ తెలుసు. రోజూ సాయంత్రం ఆరింటికి డాక్టర్ లారౌరి మూత తీసి, పిల్లని చూసి, గోడకి తగిలించిన కాగితం మీద సంతకం పెడతాడు. నిన్న బుధవారం ఆరింటికి కూడా పెట్టాడు. అంటే దొంగతనం నిన్న సాయంత్రం ఆరుకీ, ఈ తెల్లవారి అయిదున్నరకీ మధ్య. సరిగ్గా ఆరింటికి మెలితోన్ వాగు పైన కాలిబాటలో దొరికాడు. భుజాన గడ్డపార, చేతిలో తడిసిన దుప్పటి.

"ఆ తడి ఎక్కడిదనుకుంటున్నారు?" అన్నాడు ఉగార్తే. "పిల్ల కరిగిన తడి."

సబీనా ఆ దుప్పటిని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాగునీటి వాసన, ఎండుగడ్డి వాసన, అంతే. ఊలు పోగుల్లో రెండు మూడు గడ్డిపరకలు చిక్కుకుని ఉన్నాయి. వాటిని చూసింది, చూసినట్టు కనపడనివ్వలేదు.

ఒబ్దూలియా మూలన జున్నుగుడ్డలు మడతపెడుతూ అంతా వింటోంది. లావుపాటి మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. సబీనాని చూసి ముందు ఏడ్చింది, తర్వాత చిక్కిపోయావని తిట్టింది, ఆ తర్వాత అసలు విషయానికి వచ్చింది. నిన్న రాత్రంతా మెలితోన్ తమ ఇంట్లోనే ఉన్నాడట. మోకాళ్ళు రెండూ వాచిపోతే వేడి నీలగిరి ఆకులు కట్టి పడుకోబెట్టిందట. తెల్లవారేదాకా మూలుగుతూనే ఉన్నాడని తనూ, తన తల్లీ, తన మరిదీ ముగ్గురూ ఒట్టు పెట్టి చెప్పగలరట. అయిదింటికి లేచి, కాస్త కాళ్ళు సాగదీసుకొస్తానని బయటికి వెళ్ళాడట.

"ఈ ఊళ్ళో అందరూ అందరికీ బంధువులే," అన్నాడు కెప్టెన్. "వీళ్ళ సాక్ష్యం నాకు కూరలోకి కూడా పనికిరాదు."

సబీనాకి ఒళ్ళు మండింది. తనని ఎన్నైనా అననీ, ఒబ్దూలియా మాటని కూరలో కలపడమేమిటి? మనుషుల మాట చెల్లదంటే, మనుషులు కాని సాక్ష్యం తెచ్చి ఇతని ముందు పడేయాలనిపించింది. ముందు ఫ్రీజర్ చూస్తానంది. ముందు ముసలాడి వాంగ్మూలం అన్నాడు కెప్టెన్. చివాయ్ జిల్లాలో జరిగిన దొంగతనానికి ఘటనాస్థలం చూడకుండా సంతకం పెట్టడం తనకి అలవాటు లేదని, కావాలంటే అరెకిపాకి ఫోను చేసుకోమని, రేడియో చివాయ్ దాకానే అందుతుందని, ఫోను ఉన్న ఊరు రెండున్నర గంటల దూరమని ఆమె చెప్పింది. కెప్టెన్ చొక్కా కాలరు సర్దుకుని పక్కకి జరిగాడు.

నిజం చెప్పాలంటే ఇందులో ఇంకో కిటుకుంది. జ్ఞానతండ్రి ఎదుటికి ఆరేళ్ళ తర్వాత వెళ్తూ, ఆయన విడుదల కాగితం చేతిలో పట్టుకుని వెళ్ళాలని ఆమె కోరిక. వట్టి చేతులతో వెళ్ళడం ఇష్టం లేదు.

ఫ్రీజర్ ఉన్న గదిలో పులిసిన పాల వాసన. ఆ వాసనకి సబీనా ముప్పై ఏళ్ళు వెనక్కి పోయింది. ఈ గదిలోనే అమ్మమ్మ వెనకాల నిలబడి, జున్ను విరుగు దోసిట్లో పెట్టించుకుని తినేది. అప్పుడు ఫ్రీజరూ లేదు, కరెంటూ లేదు. గోడకున్న సున్నం మాత్రం అదే అనిపించింది. ఎవరైనా ఈ గోడలు మళ్ళీ సున్నం కొట్టారా అని అడగబోయి, పని గుర్తొచ్చి మానుకుంది.

పెట్టె పొడుగాటిది, మూత పైకి తెరుచుకునేది. అయిదున్నరకి ఖాళీ అని తెలిసిన వెంటనే మూత వేసేశారు, ఎవరూ ముట్టుకోలేదు. ఆ మాత్రం తెలివి ఉగార్తేకి ఉంది. సబీనా మూత ఎత్తింది. నాలుగు గోడలకీ తెల్లటి మంచు పేరుకుని ఉంది. అడుగున కూడా మంచే. కానీ మధ్యలో గుండ్రంగా, కూర్చున్న పిల్ల ఒంటి మేర, మంచు కొంచెం లోతుకి దిగి ఉంది.

"అదిగో అక్కడే ఉండేది," అన్నాడు ఉగార్తే, ఎవరూ అడగకపోయినా.

 సబీనా వంగి ఆ లోతులో వేలు పెట్టింది. వేలికి పెట్టె రేకు తగల్లేదు. మంచే తగిలింది.

ఈ మంచు ఎలా పేరుకుంటుందని ఒబ్దూలియాని అడిగింది. మూత చుట్టూ ఉండే రబ్బరు ఏడాది నుంచి చిరిగి ఉందని, అందుకే ఏ రోజుకారోజు మంచు పడుతుందని, వారానికోసారి కత్తితో గీకకపోతే మూత పట్టదని ఆమె చెప్పింది. ఆఖరుసారి ఎప్పుడు గీకావంటే, శుక్రవారం పిల్లని లోపల పెట్టేముందు గీకి, గుడ్డతో పొడిగా తుడిచానంది. డాక్టరు నెత్తి మీద నిలబడి తుడిపించాడట, ఒక్క పలుకు మిగలకుండా.

సబీనా కోటు జేబులోంచి అగ్గిపెట్టె తీసింది. ఒక పుల్ల తీసి గోడ మీది మంచులో రేకు తగిలేదాకా గుచ్చి, ఎంత మునిగిందో అక్కడ గోటితో గాటు పెట్టింది. అదే పుల్లని అడుగున ఉన్న ఆ గుండ్రటి లోతులో గుచ్చి ఇంకో గాటు పెట్టింది. రెండు గాట్లూ పక్కపక్కన పెట్టి చూసింది. పైది కిందదానికి మూడింతలు. ఇంకో రెండు చోట్ల గుచ్చినా లెక్క మారలేదు.

అప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, వచ్చి పక్కన నిలబడినట్టే ఉంది.

జూన్, జూలై నెలల్లో ఊరికి పైన, గాలి తగలని బల్లపరుపు నేల మీద బంగాళాదుంపలు పరుస్తారు. రాత్రి చలికి గడ్డకడతాయి, పొద్దున్న ఎండకి మెత్తబడతాయి. ఆడవాళ్ళూ పిల్లలూ ఉత్త కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండేస్తారు. అలా నాలుగైదు రోజులు చేసి ఆరబెడితే చున్యో అవుతుంది. ఆ వరుగు ఇరవై ఏళ్ళున్నా చెడదు. ఎనిమిదేళ్ళ సబీనా కాళ్ళు చల్లటి దుంపనీళ్ళలో కొయ్యబారిపోతే, మెలితోన్ పెదనాన్న వేయించిన మొక్కజొన్న గింజలు తెచ్చి, తినడానికి కాదు, వేళ్ళ సందుల్లో వేడికి పెట్టుకోమని ఇచ్చేవాడు. ఆమె తినేసేది. మళ్ళీ ఇచ్చేవాడు. ఎండిన మొదటి దుంపని అమ్మమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, అంకాయా వైపున్న గోడ మీద పెట్టేది. అది పైనున్న అక్కకి. అక్క ఎవరంటే, ఉంది లేవే, మంచులో కూర్చుని మనందరినీ చూస్తుంటుంది అనేది. ఈ మాట తను ఎన్నేళ్ళ నుంచి మర్చిపోయిందో సబీనాకి తెలియదు. ఆదివారం పేపర్లో ఆ పిల్ల ఫోటో చూసినప్పుడు కూడా గుర్తు రాలేదు. అందుకు ఇప్పుడు సిగ్గేసింది.

ఒక ఏడాది వాళ్ళ దుంపలు మాయమవడం మొదలైంది. ఎవరో రాత్రి వచ్చి మంచి దుంపలు ఏరుకుపోయి, ఖాళీల్లో తమ చిన్న దుంపలు జరిపి పోతున్నారు. అప్పుడు అమ్మమ్మ ఆమెని తెల్లవారకముందే లేపి తీసుకెళ్ళి చూపించింది. దుంపని ఎత్తి కింద నేల చూడు. నల్లగా ఉంటే అది సాయంత్రం నుంచీ అక్కడే ఉంది. తెల్లగా ఉంటే మంచు పడ్డాక ఎవరో తెచ్చి పెట్టారు. ఎంత తెల్లగా ఉందో చూస్తే ఎప్పుడు పెట్టారో కూడా తెలుస్తుంది. నేల అబద్ధం చెప్పదే పిల్లా, దానికి బంధువులు లేరు అంది. దొంగ ఎవరో ఆ రోజే తెలిసింది. ఆ పేరు మాత్రం అమ్మమ్మ చచ్చేదాకా బయటపెట్టలేదు.

సబీనా నిటారుగా లేచింది. గొంతులో సంతోషం ఆపుకోలేకపోయింది.

"కెప్టెన్, పిల్ల నిన్న రాత్రి పోలేదు."

ఆమె అగ్గిపుల్ల అతని ముందు పెట్టి వివరించింది. గోడ శుక్రవారం పొడిగా తుడిచారు. శుక్రవారం నుంచి బుధవారం దాకా ఆరు రాత్రుల మంచు గోడ మీద ఉంది. పిల్ల కూర్చున్న చోట, ఆమె ఉన్నన్నాళ్ళూ కింద మంచు పడదు. నిన్న రాత్రి తీసి ఉంటే అక్కడ రేకు కనపడాలి, మహా అయితే ఒక పొర పడాలి. పడింది అందులో మూడోవంతు, అంటే రెండు రాత్రుల మంచు. మంగళవారం రాత్రీ, బుధవారం రాత్రీ.

"బుధవారం ఆరింటికి డాక్టరు సంతకం ఉంది," అన్నాడు ఉగార్తే.

"సంతకం ఉంది. పిల్లే లేదు. డాక్టర్ని పిలవండి."

లారౌరి వచ్చాడు. పొడుగాటి మనిషి, గడ్డం మాసి, కళ్ళ కింద నల్లగా ఉంది. తన జీవితమంతా ఆ పెట్టెలోంచి ఎవరో ఎత్తుకుపోయినట్టున్నాడు. సబీనా అతన్ని గద్దించలేదు. మంగళవారం ఆరింటికి ఏం చూశారని అడిగింది. ఆ రోజు పిల్ల తలకట్టు బొమ్మ గీశానని నోటు పుస్తకం తీసి చూపించాడు. బొమ్మ కింద తారీకు, గంట, నిమిషం. ఎర్ర నూలు ఎక్కడ చిరిగిందో కూడా రాసుకున్నాడు. మరి బుధవారం?

"బుధవారం కూడా చూశాను."

"తలకట్టు చిరుగు ఏ వైపుకి ఉంది?"

"అదే వైపుకి ఉండాలి కదా."

"ఉండాలి అంటున్నారు డాక్టర్ గారూ. ఉందని అనడం లేదు."

అతను నోటు పుస్తకం మూసేశాడు. తర్వాత అంతా చెప్పేశాడు. మంగళవారం ఆగస్టు ఒకటి, ఊళ్ళో భూమికి నైవేద్యం పెట్టే రోజు. వీళ్ళు పోసిన మొక్కజొన్న కల్లు వద్దనలేక తాగాడు. మర్నాడంతా మంచం మీద నుంచి లేవలేదు. బుధవారం సంతకం ఈ పొద్దున్న, లారీ శబ్దం విన్నాక, పరిగెత్తుకొచ్చి పెట్టాడు. చదువుకున్న మనిషి, చిన్నపిల్లాడిలా రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. సబీనాకి జాలేసింది. దొంగ ఇతను కాదు.

టైము పదీ నలభై. సబీనా గెలిచింది. నిన్న రాత్రి దొంగతనం జరగలేదు కాబట్టి ఈ తెల్లవారి గడ్డపారా, తడి దుప్పటీ దేనికీ సాక్ష్యం కావు, మెలితోన్‌ని వదిలిపెట్టండి అని ఆమె కెప్టెన్ ఎదురుగా నిలబడి చెప్పింది. చిన్నప్పుడు ఈ గదిలో ఎంత ఎత్తు ఉండేదో దానికి రెండింతలు ఎత్తు పెరిగినట్టుంది ఆమెకి.

ఉగార్తేని తక్కువ అంచనా వేసింది అక్కడే. అతను కోపం తెచ్చుకోలేదు. అగ్గిపుల్ల తీసుకుని వెలుతురులో తిప్పి చూసి, జాగ్రత్తగా కవర్లో పెట్టాడు.

"బాగుంది. ఒప్పుకున్నాను," అన్నాడు. "నా పొరపాటు. అయితే నిన్న రాత్రి సంగతి వదిలేద్దాం. అమ్మా ఒబ్దూలియా, మంగళవారం రాత్రి మీరంతా ఎక్కడున్నారు?"

ఒబ్దూలియాకి మర్మం లేదు. అడిగినదానికి ఉత్సాహంగా చెప్పింది. మంగళవారం సందె పడిన దగ్గర్నుంచీ ఊరంతా చర్చి ముందు మంట చుట్టూనే ఉన్నారట. ముసలీ ముతకా, చంటిపిల్లలూ, ఈ డాక్టరు బృందమూ అందరూ. ఒక్క పురుగు ఇంట్లో లేదట. తాళంచెవి మేకుకే ఉందట.

"ఒక్కరు కూడా అక్కణ్ణుంచి వెళ్ళలేదా?"

"నైవేద్యం కొండదొరకి మోసుకెళ్ళాలి కదయ్యా. అది మోసేవాడు వెళ్ళాలి. మూటలు లామా వీపున కట్టి తోలుకుపోతాడు. ఆయన ఊరు దాటేదాకా మేమంతా వీపు తిప్పి నిలబడాలి, చూడకూడదు. మా ఆచారం అది."

"మోసేవాడు ఎవరు?"

ఒబ్దూలియా నోరు తెరిచి, సబీనా మొహం చూసి, మూసేసింది. కానీ చెప్పాల్సిన పని లేకపోయింది. ముప్పై అయిదేళ్ళుగా ఆ నైవేద్యం మోస్తున్నది ఒక్కడే అని సబీనాకి తెలుసు. చిన్నప్పుడు వీపు తిప్పి నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆయన లామా మెడలో గంట దూరమవుతుంటే లెక్కపెట్టేది.

నిన్న రాత్రికి ఆయనకి ముగ్గురు సాక్షులున్నారు. సాయంత్రానికల్లా ఉగార్తే వదిలిపెట్టక తప్పేది కాదు. మంగళవారం రాత్రికి ఆయనకి ఒక్కరంటే ఒక్కరు లేరు. ఆ మంగళవారాన్ని వెతికి తీసి, కెప్టెన్ చేతిలో పెట్టింది తనే.

"రండి ఇన్‌స్పెక్టర్," అన్నాడు ఉగార్తే. ఇప్పుడు అతని గొంతులో మర్యాద ఉంది. "దుబాసీ పని మిగిలిపోయింది."

మెలితోన్‌ని వెనక కొట్టులో ఖాళీ పాలక్యాను మీద కూర్చోబెట్టారు. ఆరేళ్ళలో సగమైపోయాడు. మోకాళ్ళకి ఒబ్దూలియా కట్టిన ఆకులు ఎండి, గుడ్డలోంచి పొడిగా రాలుతున్నాయి. సబీనాని చూడగానే ఆయన మొహం విప్పారింది. యూనిఫారం బాగుందన్నాడు. తిన్నావా అని అడిగాడు. గట్టిగా హత్తుకుని ఏడవాలనిపించింది ఆమెకి. పక్కన కెప్టెన్ గడియారం చూసుకుంటున్నాడు. పదకొండు దాటి అయిదు.

"ఏమడుగుతున్నాడు?" అన్నాడు ఉగార్తే.

"భోజనం చేశానా అని."

"పిల్ల ఎక్కడో అడగండి."

సబీనా కెచువాలో అడిగింది. ఆయన మెల్లిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఇది ఠాణాలో ఇచ్చే వాంగ్మూలం కాదు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని చెప్పినట్టే చెప్పాడు. అక్క ఎక్కడుందో మెలితోన్‌కి వాళ్ళ తాత చూపించాడు. తను ఎవరికీ చూపించలేదు. డాక్టరు మంచివాడు. పైన మంచు కరిగిపోతోంది, ఇంకో రెండేళ్ళయితే అక్క ఎండకి చెడిపోతుంది అన్నాడు. అది నిజమే, తన కళ్ళతో చూశాడు. ఊళ్ళోనే చల్లటి ఇల్లు కట్టించి ఉంచుతామని డాక్టరు మాటిచ్చాడు. ఆ మాట మీద దారి చూపించాడు. సోమవారం రేడియోలో కబురొచ్చింది. ఇల్లూ లేదు ఏమీ లేదు, గురువారం లారీ వస్తుంది, రాజధానికి, అక్కణ్ణుంచి సముద్రం దాటి ఊరూరా చూపించడానికి. డాక్టరు కూడా తెల్లమొహం వేశాడు.

"నా చేత్తో దించాను తల్లీ. నా చేత్తో ఎక్కిద్దామనుకున్నాను."

"ఎక్కించావా పెదనాన్నా?"

ఆయన మొహంలోకి కొంటెతనం లాంటిది వచ్చి పోయింది. లామాకి బరువెక్కువైందట. చున్యో నేల దాకా బాగానే నడిచి, అక్కడ చతికిలబడి కూర్చుంది. బతిమాలాడు, కోకా ఆకు పెట్టాడు, తిట్టాడు. అది ఆయన మొహం మీద ఉమ్మి ఇంకో పక్కకి తిరిగి కూర్చుంది. లామా కూర్చుందంటే దేవుడు దిగొచ్చినా లేవదు. మోకాళ్ళ మీద తనెంత దూరం మొయ్యగలడు? అందుకని అక్కని అక్కడే, అమ్మమ్మ దుంపలు దాచే రాతిగుంటలో పెట్టి, వాగులోని మంచుగడ్డలు గడ్డపారతో పగలగొట్టి చుట్టూ పేర్చి, గడ్డి కప్పాడు. నిన్న పొద్దున్న వెళ్ళి మళ్ళీ పేర్చాడు. ఇంకో గట్టి లామా దొరికితే రేపు ఎక్కిద్దామనుకున్నాడు.

"ఈ పొద్దున్న?"

"ఈ పొద్దున్న వాగులో దుప్పటి తడిపి పైకి పోతుంటే వీళ్ళు నన్ను పట్టుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు కదమ్మా."

సబీనాకి గుంట ఎక్కడుందో తెలుసు. రాతి నీడ మధ్యాహ్నం దాకానే. పన్నెండు దాటితే ఎండ నేరుగా లోపల పడుతుంది. టైము పదకొండూ ఇరవై. కెప్టెన్‌ని శిఖరం వైపు పంపిస్తే మనుషుల్నీ గుర్రాలనీ కూడగట్టుకుని బయల్దేరేసరికే మధ్యాహ్నం అవుతుంది. ఈలోగా తను జీపులో చున్యో నేలకి వెళ్ళి, మంచుగడ్డలు పేర్చి, ఎవర్నైనా తోడు తీసుకుని... ఎవర్ని? ఆ తర్వాత ఏం చేస్తుంది? ఆమెకి తెలియదు. ఆ ముసలాయన చేతులకి బేడీలు పడకూడదు, అంతవరకే తెలుసు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో వాంగ్మూలంలో ఒక్క అక్షరం మార్చలేదు.

"ఏమన్నాడు?" అన్నాడు ఉగార్తే.

"కొండకి ఇచ్చేశానంటున్నాడు," అంది సబీనా స్పానిష్‌లో.  "మంగళవారం రాత్రే బయల్దేరి శిఖరం మీద, తీసిన చోటే పెట్టేశాడట."

ఉగార్తే రాసుకున్నాడు. గుమ్మంలో ఉన్న పోలీసుని పిలిచి గుర్రాలు ఎన్ని దొరుకుతాయో కనుక్కోమన్నాడు. మెలితోన్ ఆ పోలీసు వెళ్ళడం చూశాడు. గోడ మీద, చూరు సందులోంచి పడుతున్న ఎండ గీతని చూశాడు. తర్వాత సబీనాని, ఆమె తప్పు చేసిన ప్రతిసారీ చిన్నప్పుడు చూసినట్టే, కోపం లేకుండా చూశాడు.

"కెప్టెన్ గారూ," అన్నాడు. స్పానిష్‌లోనే అన్నాడు, ఎక్కడా తడబడకుండా. "ఈ పిల్ల నా మీద ప్రేమకొద్దీ అబద్ధమాడుతోంది. అక్క కొండ మీద లేదు. ఊరి పైన దుంపలు ఆరబెట్టే నేలలో ఉంది. ఈ పొద్దున్న మంచు పెట్టలేదు. పన్నెండింటికి అక్కడ ఎండొస్తుంది. మీ చల్లపెట్టె లారీ వాకిట్లో ఖాళీగా ఉంది. నన్ను చెయ్యదలుచుకున్నది దారిలో చెయ్యండి, ముందు బండి తియ్యండి."

 ఉగార్తే రాసిన కాగితం వైపు చూశాడు, సబీనా వైపు చూశాడు. ఆమె మొహం దాచుకోలేదు. అతను అరవలేదు, చెయ్యి మాత్రం చాచాడు. ఆమె నడుము దగ్గర పిస్తోలు విప్పి ఇచ్చింది, జేబులోంచి గుర్తింపు కార్డు తీసి ఆ చేతిలోనే పెట్టింది.

"అక్కడికి లారీ పోగల దారి ఒక్కటే ఉంది, అది మీకు దొరకదు," అంది. "ముందు సీట్లో నేను కూర్చుంటాను. ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టండి, మోకాళ్ళు మడవలేడు."